సురంగల్‌లో పూడ్చని బొంద

తెలంగాణ ఆందోళన ముదిరిన ఆ వేసవిలో, బుద్ధున్నవాడెవడూ వాల్తేరు నుంచి హైదరాబాదు ప్రయాణం పెట్టుకోడు. నేను పెట్టుకున్నాను. మా మాస్టారు దావీదుగారు చలికాలంలో సముద్రంలో పడిపోయారు. శవం దొరకలేదు. వాళ్ళ ఊరు సురంగల్‌లో తల్లి రాహేలమ్మ మాత్రం కొడుకు బతికే ఉన్నాడంటూ తిండి మానేసిందట. కళ్ళారా చూసినవాడివి, నువ్వే వచ్చి చెప్పమని మాస్టారి అన్న సామ్యేలు కబురు పెట్టాడు.

తెల్లవారి సికింద్రాబాదులో దిగితే ఊరంతా హర్తాళ్. రిక్షాలో సందుల వెంట గౌలిగూడ చేరాను. ఎనిమిదింటికి చేవెళ్ల బస్సొక్కటి ఎలాగో కదిలింది. టికెట్ అడిగితే కండక్టరు చెవి దగ్గర వంగాడు.

"సార్, జర నోరు తెరవకు. నీ ఆంధ్ర మాటే నిన్ను పట్టిస్తది."

చెంపకు రుమాలు కట్టుకుని, పంటినొప్పి మనిషిలా కూర్చున్నాను. పక్క సీటు ముసలమ్మ జాలిపడి లవంగం ఇచ్చింది. నోట్లో లవంగంతో మాస్టారి గురించే ఆలోచించాను. సముద్రమంటే ఏమిటో చూడని ఈ నేల మీద పుట్టి, ఆ మనిషి ఆటుపోట్లనెందుకు పట్టుకున్నాడు? చిన్నప్పుడు ఇంటి బావిలో ఎవరూ తోడకుండానే నీళ్ళు వేలెడు పెరిగి, వేలెడు తగ్గడం చూశారట. రాతిమీద సున్నంతో గీతలు పెట్టుకున్నారట. చంద్రుడు సముద్రాన్నే కాదు, నేలనూ లాగుతాడని తరువాత తెలిసింది. ఆయన మొదటి పరిశోధన ఆ బావి మీదే. అక్కడి నుంచి రేవులకు వెళ్ళారు. ఇప్పుడు మా రేవులోకి ఓడ రావాలన్నా ఆయన లెక్కే దిక్కు. పై దేశాల పండితులూ అదే వాడుతున్నారు. నా పరిశోధనంతా దానిమీదే నిలబడింది.

అజీజ్‌నగర్ దాటాక రోడ్డుమీద రాళ్ళు పేర్చి ఉంటే దిగి తీశాం. మొయినాబాద్‌లో సామ్యేలు రెండు కిరాయి సైకిళ్ళతో నిలబడి ఉన్నాడు. దారిలో అసలు సంగతి చెప్పాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఎవరిదో శవం మాస్టారిదనుకుని మా రేవువాళ్ళు తంతి కొట్టారు. ఇక్కడ సమాధికి బొంద తీశారు. తరువాత కాదని తేలింది. తీసిన బొందను ఊరికే పూడ్చకూడదు, ఖాళీగా ఉంచినా మరొకరిని అడుగుతుందని ఊరివాళ్ళ భయం. కొడుకు చొక్కా అయినా పెడదామని చేవెళ్ల పాస్టరు అంటే తల్లి ఒప్పుకోలేదు.

"ఇంకోటి సార్. బాయిలెండినయ్. బొందల మాత్రం నీళ్లూరినయ్."

మిట్టమధ్యాహ్నం. సమాధుల మధ్య గొడుగు కింద ఎముకల గూడులా కూర్చుని ఉంది రాహేలమ్మ. నన్ను చూసి చెయ్యి పట్టుకుని, నీళ్ళతోబాటు పొద్దున కొడుకు కిందికి పోతాడనీ, ఈ వేళకు పైకొస్తాడనీ చెప్పింది. గుంతలోకి తొంగి చూశాను. నల్లటి నీళ్ళు. అల లేదు, చప్పుడు లేదు. చూస్తుండగానే పొడిమట్టి తడుస్తూ వచ్చింది. చంద్రుడి సంగతి ఎత్తుకుని మధ్యలో ఆపేశాను. బావిలో పెరిగేది వేలెడు. ఇది మోకాలెత్తు పెరిగింది. నాకు భయమేసింది.

"నువ్వు సూసినవా బిడ్డా?" అని అడిగింది.

చెప్పాను. లోతు చూసే సీసం గుండును మాస్టారు ఎప్పుడూ తన చేత్తోనే దించేవారు, ఆ రోజూ వంగి దించుతుంటే పడవ ఒరిగింది. ఒక్కసారి పైకి తేలి నా వంక చూశారు. పొద్దుగుంకేదాకా వెతికాం. "ఇక రారు అవ్వా," అన్నాను. అని, ఏడ్చేశాను.

ఆవిడ ఏడవలేదు. కొడుకుది ఏమైనా తెచ్చావా అంది. మాస్టారి పాత గుండు, తాడు సంచిలోంచి తీసిచ్చాను. గుండును చెంపకు ఆనించుకుని, నాకే తిరిగిచ్చింది.

"దించు."

దించాను. మనిషి లోతు గుంత. తాడు పోతూనే ఉంది. పొడి తాడే అయినా నా అరచేతులు తడుపుకుంటూ చుట్ట మొత్తం అయిపోయి కొస చేతికొచ్చింది. గుండు ఇంకా వేలాడుతూనే ఉంది. సామ్యేలు వెనక్కి జరిగాడు. ఆవిడ లేచి వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుంది.

"గుంజుతున్నడు," అంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. "పో కొడుకా. ఇగ పైకి రాకు. నేనే వస్త గద."

పిడికిలి తెరిచింది.

మూడింటికి చేవెళ్ల నుంచి పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. మట్టి పోస్తుంటే ఒక్క చుక్క నీరు పైకి పొర్లలేదు. ఇంటికెళ్ళాక రాహేలమ్మ జొన్నరొట్టె తుంచుకుని తింది. సామ్యేలు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

సాయంత్రం బస్సులో నా బదులు మాట్లాడడానికి సామ్యేలు పట్నం దాకా వచ్చాడు. ఆ వైపు వెళ్ళేవారికి చెబుతున్నాను, సైకిలు బాట మంచిదే, మనుషులు ఇంకా మంచివాళ్ళు. నేను మాత్రం దారంతా నా చేతులే చూసుకున్నాను. తాడు జారిన చోట నీళ్ళు ఆరి, తెల్లటి పొర కట్టింది. మాస్టారి శిష్యుణ్ణి, నాలుక మీద పెట్టుకుని చూడాల్సింది. అది సముద్రపు ఉప్పే అయితే ఆ తల్లికి చెప్పకుండా ఉండలేను. చెబితే ఆవిడ మళ్ళీ వెళ్ళి ఆ మట్టిమీద కూర్చుంటుంది. లంగర్‌హౌజ్‌లో బస్సు ఆగినప్పుడు దిగి, కుళాయి కింద చేతులు కడిగేసుకున్నాను.