వీపు చూపించి చెప్పిన పాఠం

అది 2008. నంద్యాలలో ఒక హోటల్ మేనేజ్‌మెంట్ శిక్షణ సంస్థలో ఫుడ్ సర్వీస్, అంటే వడ్డన, నేర్పేదాన్ని. సాయంత్రాలు వెబ్‌క్యామ్ ముందు నిలబడి, ఆళ్లగడ్డ ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చున్న ఆరుగురికి ఆన్‌లైన్‌లో చెప్పాలి. "కంప్యూటర్‌లో వడ్డన వస్తుందా? పరీక్ష తప్పితే ఆ బ్యాచ్ ఎత్తేస్తాం" అన్నారు మా డైరెక్టర్ మొదటిరోజే. నాకు ఒళ్ళు మండింది. ఎట్లా రాదో చూద్దామనుకున్నాను.

ఆ ఆరుగురిలో సునీత ఒకతె. పగలంతా హాస్టల్ వంటగదిలో పని, రోజూ నంద్యాల వచ్చిపోయే వీలు లేదు. సర్టిఫికెట్ తెస్తే భోజనశాలలో ఉద్యోగం ఇస్తామని అహోబిలంలో ఒక లాడ్జి వాళ్ళు మాటిచ్చారు. బ్యాచ్ పోతే ఆ ఉద్యోగమూ పోయినట్టే.

మొదటి గండం కరెంటు. సెంటర్ నడిపే అన్న తన ఇన్వర్టర్‌ను మా క్లాసుకే వదిలి ఆదుకున్నాడు. రెండో గండం కవర్. కవర్ అంటే ఒక అతిథి ముందు అమర్చే ప్లేటు, ఫోర్కు, కత్తి, గ్లాసు. ఫోర్కు ఎడమ పక్క, కత్తి కుడి పక్క. నన్ను చూసి పెట్టినవాళ్ళంతా తారుమారుగా పెట్టారు. నోటితో చెబుదామంటే నెట్ సరిగ్గా అందక మాట తెగిపోయేది.

"సరిగ్గా చూడండమ్మా!" అని విసుక్కున్నాను.

"చూస్తానే ఉండాం మేడం" అంది సునీత, తడుముకోకుండా. "మీరు మాకు ఎదురుగా ఉండారు. మీ ఎడమ మాకు కుడి అయితాంది."

"అయితే నేనే తిరుగుతా" అన్నాను. నా భుజం మీదుగా బల్ల కనపడేలా కెమెరాను వెనక బీరువా మీద పెట్టి, వాళ్ళకు వీపు చేసి నిలబడ్డాను. ఆ వారంలోనే అందరికీ కవర్ కుదిరింది.

డైరెక్టర్ చూసి మండిపడ్డారు. "అతిథికి వీపు చూపించకూడదన్నది మన మొదటి పాఠం. మీరేంటి, వీపు పెట్టి క్లాసు చెబుతారా?"

"వాళ్ళు అతిథులు కారు సార్, నా పిల్లలు. పరీక్షలో చూడండి" అన్నాను. ఆయన వెళ్ళేదాకా బల్ల వైపు నుంచి తిరగలేదు.

పరీక్ష నంద్యాలలో. పరీక్షాధికారి అతిథిగా బల్ల ముందు కూర్చున్నారు. సునీత కవర్ అమర్చి, ఎడమ నుంచి వడ్డించి, కుడి నుంచి నీళ్ళు పోసింది. చుక్క ఒలకలేదు.

"ఎవరు నేర్పారమ్మా?" అని అడిగారాయన.

"మా మేడమే సార్. ఈపొద్దే ఆమె మొగం బాగా చూస్తాండా. ఇన్నినాళ్ళూ ఈపు చూసే నేర్చుకున్న్యాం."

డైరెక్టర్ పక్కనే ఉన్నారు. అంతా విన్నారు. ఆరుగురూ పాసయ్యారు, సునీత అహోబిలంలో ఉద్యోగంలో చేరింది.

నేర్చుకునేవాళ్ళు ఎటు చూస్తున్నారో అటు తిరిగి నిలబడాలని ఆ బ్యాచ్‌తోనే నాకు తెలిసింది. వడ్డన ఆన్‌లైన్‌లో రాదని ఇప్పటికీ ఎవరైనా అంటే, వాళ్ళకూ వీపే చూపిస్తాను.