టీచరమ్మగారి ప్రార్థనలో నా కడుపు

ఆ రోజుల్లో నాకు ఉద్యోగంతో పాటే కడుపులో మంట కూడా వచ్చింది. ఇరవై మూడేళ్ళ వయసు, బందరులో ఒక ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా కొత్తగా చేరాను. దివిసీమలో ఘంటసాల దగ్గర మా ఊళ్ళో అమ్మ చేతి పప్పూ, గడ్డపెరుగూ తప్ప ఎరగని కడుపును తీసుకొచ్చి పొద్దున్న బజ్జీల బండికి, మధ్యాహ్నం హోటలు గోంగూరకు, సాయంత్రం దాకా ఎనిమిది గ్లాసుల టీకి అప్పగించేశాను. ఆ వయసులో మనిషి తన కడుపును అద్దె సైకిలులా తొక్కుతాడు. ఎక్కడో ఒకచోట అది ఆగిపోతుందన్న ఆలోచనే రాదు. నాకు మాత్రం ఆర్నెల్లకే వచ్చింది. గుండె కింద ఎవరో కుంపటి రాజేసి కూర్చున్నట్టుండేది. ఫైలు మీద వంగితే గొంతులోకి పులుపు ఎగదన్నేది.

మా ఆఫీసులో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవాడు. అందరం ఆయన్ని మాత్రల మావయ్య అనేవాళ్ళం. ఆయన టేబుల్ సొరుగు లాగితే ఫైళ్ళకన్నా ముందు మాత్రల అట్టలు కనబడేవి. ఎవరికి ఏ బాధ ఉందన్నా చెయ్యి సొరుగులోకి వెళ్ళిపోయేది. "ఇదేస్కో అల్లుడూ, సాయంత్రానికి రాళ్ళు తిన్నా అరుగుతాయ్" అనేవాడు. ఆయనకు ఏ డాక్టరూ రాసిచ్చినవి కావు. ఎవరికో రాసిస్తే మిగిలినవి, ఆ ఎవరో ఈయనకిస్తే దాచుకున్నవి. (మా ఆఫీసులో పెన్ను అడిగితే ముఖం చిట్లించేవాళ్ళు కూడా గ్యాస్ బిళ్ళ అడిగితే ఆప్యాయంగా ఇచ్చేవాళ్ళు. ఈ మర్యాద ఎలా పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.) నేనూ రెండు నెలలు ఆయన బిళ్ళలు తిన్నాను. మంట పూటకోసారి పోయి, పూటకోసారి వచ్చేది.

చివరికి నన్ను డాక్టరు దగ్గరికి తోలింది టీచరమ్మగారు. ఆవిడ ఇంట్లో ముందు గది నాది. బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. భర్త పోయారు, పిల్లలు లేరు. పొద్దున్న టిఫినూ రాత్రి భోజనమూ ఆవిడ దగ్గరే. మేము పూజలవాళ్ళం, ఆవిడ చర్చికి వెళ్ళే మనిషి. కానీ మా అమ్మ మొదటిసారి బందరు వచ్చి ఆవిడ వంటగది చూసి, "మనింట్లో కూడా ఇంత శుభ్రం లేదురా" అని నన్ను అక్కడ వదిలి నిశ్చింతగా వెళ్ళిపోయింది.

డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, నా తిండి వివరాలన్నీ విని, నాలుగు వారాలకు గొట్టం మాత్రలు రాశారు. "రోజుకొకటి. పొద్దున్నే పరగడుపున మంచినీళ్ళతో మింగాలి. అరగంట ఆగి టిఫిన్ తినాలి. విప్పకూడదు, నమలకూడదు. నాలుగు వారాలూ వాడి మళ్ళీ కనబడు. మధ్యలో మానొద్దు, ఆ తరవాత నీ అంతట నువ్వు కొనుక్కుని పొడిగించొద్దు. ఇంకొకరికి ఇవ్వొద్దు." నేను ప్రతి మాటకూ తలూపాను. తలూపడం గవర్నమెంటు ఉద్యోగంలో మొదటి వారమే వస్తుంది. వినడం రావడానికి చాలా కాలం పడుతుంది.

మర్నాడు పొద్దున్న గొట్టం మాత్ర అరచేతిలో పెట్టుకుని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నానో లేదో టీచరమ్మగారు వచ్చి పట్టుకున్నారు. "ఖాళీ కడుపు మీద మందేంటి నాయనా? పేగులు మాడిపోవూ? పైగా ఈ ప్లాస్టిక్ మింగుతావా?" అని నా చేతిలోంచి లాక్కుని, గొట్టం రెండు ముక్కలు చేసి, లోపలి గింజలు సానరాయి మీద పోసి, మెత్తగా నూరి, తేనెలో రంగరించి తీసుకొచ్చారు. టీచరమ్మగారి చేతిలో పెరిగిన మేనల్లుళ్ళూ మేనకోడళ్ళూ అందరూ అలా రంగరించిన మందులు నాకి పెద్దవాళ్ళయ్యారట. వాళ్ళంతా ఇప్పుడు దుక్కల్లా ఉన్నారట. ఇడ్లీలు తిని, ఆ తరవాత గవర్నమెంటు ఉద్యోగి నాలుక చాపి ఆవిడ వేలి మీది తేనె నాకాడు.

వారమైనా మంట అంగుళం తగ్గలేదు. మళ్ళీ వెళ్ళి తేనె సంగతితో సహా చెప్పాను. డాక్టరుగారు కళ్ళజోడు తీసి నావంక చూశారు. "ఏమయ్యా, నీకు బారసాల ఎప్పుడు? ఆ గింజల మీద పూత ఉంటుంది. పొట్టలో పులుపు మందుని చంపకుండా పేగుదాకా దాటించేది ఆ పూతే. మీరు నూరేస్తే మందు పొట్టలోనే పాడైపోతుంది. వారం రోజులు తేనె తిన్నావు నువ్వు" అన్నారు. ఆ సంగతి ఇంటికొచ్చి చెబితే టీచరమ్మగారు సానరాయిని కడిగిందే కడుగుతూ ఉండిపోయారు. పిల్లల తప్పులు దిద్దిన మనిషికి తన తప్పు దిద్దుకోవడం కష్టమనుకుంటా. మర్నాడు గొట్టం మాత్రను చిన్న పళ్ళెంలో పెట్టి, పక్కన నీళ్ళు పెట్టి, "మింగు. అరగంట నేను చూసుకుంటాను" అన్నారు.

ఆ అరగంటే నా జీవితంలో నేను మళ్ళీ సంపాదించుకోలేని అరగంట. ఆవిడ ఇంట్లో టిఫిన్ ముందు ప్రార్థన చేయడం అలవాటు. మామూలుగా అయిదు నిమిషాల ప్రార్థన. గడియారం చూసుకుంటూ కూర్చుంటే ఆకలి ఎక్కువవుతుందని, ఆ అరగంటా ప్రార్థనతోనే నింపాలని నిశ్చయించుకున్నారు. బల్ల మీద ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి మూతపెట్టి ఉండేవి. ఆవిడ కళ్ళు మూసుకునేవారు. "ప్రేమగల తండ్రీ, నీ పాదముల చెంతకు వచ్చుచున్నాము" అని మొదలుపెట్టి ముందు దేశాన్ని, తరవాత వానలను, కాలవ చివరి పొలాలకు నీరందని రైతులను, గిలకలదిండి నుంచి సముద్రం మీదికి వెళ్ళిన పడవలవాళ్ళను, తరవాత ఆవిడ దగ్గర చదువుకున్న పిల్లలను పేరుపేరునా తలుచుకునేవారు. ఆ పిల్లల్లో కొందరికి మనవలు పుట్టారు. కొందరు తప్పిపోయినవాళ్ళు. వాళ్ళ సంగతి ఎత్తినప్పుడు గొంతు దిగేది. అందరూ అయ్యాక చివర్న, ఇడ్లీలకు ఒక్క అడుగు ముందు, "ఈ దివిసీమ బిడ్డ కడుపులోని మంటను చల్లార్చుము తండ్రీ" అనేవారు. నేను ఒక కన్ను తెరిచి గడియారం చూస్తే సరిగ్గా అరగంట అయ్యేది. నా సొంతవాళ్ళు కూడా నా కడుపు గురించి అన్ని సిఫార్సులు ఎక్కడా చేయలేదు.

పదకొండు రోజులకు మంట మాయమైంది. మాయమైందంటే నాకు నేనే డాక్టరునైపోయాను. తగ్గిపోయాక ఇంకా మింగడమెందుకని మానేశాను. పది మాత్రలు మిగిలాయి. సరిగ్గా అప్పుడే టీచరమ్మగారు ఒకరోజు పొట్ట పట్టుకుని, "నాకూ నీ మంటే వచ్చినట్టుంది నాయనా, అంటించావా ఏంటి?" అన్నారు. నా గుండె ఉప్పొంగింది. ఆవిడ పెట్టిన ఇడ్లీలన్నిటికీ బదులు తీర్చే అవకాశం దొరికింది కదా! మాత్రల మావయ్య మర్యాద మొత్తం నన్ను ఆవహించింది. "దీనికి డాక్టరెందుకండీ, ఇవి వేసుకోండి. విప్పకూడదు, పరగడుపున, అరగంట ముందు" అని నాకు చెప్పిన జాగ్రత్తలన్నీ ఆవిడకు అప్పజెప్పాను. ఒక్కటి తప్ప. ఇంకొకరికి ఇవ్వొద్దన్నది.

నాలుగు రోజుల్లో ఆవిడకు హాయిగా ఉంది. "నీ హస్తవాసి మంచిది" అన్నారు. నేను ఆఫీసుకు ఛాతీ విరుచుకుని వెళ్ళాను. నేను రోజూ చూస్తూ కూడా అడగనిది ఒకటుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు. మందుల షాపులో చీటీ లేకుండా నొప్పి బిళ్ళలు తెప్పించుకుని రోజూ వేసుకునేవారు. కడుపు హాయిగా ఉందని, రోజుకొకటి వేసుకునేది రెండు చేశారు. నా పది మాత్రలూ అయిపోయాయి. నొప్పి బిళ్ళలు మాత్రం సాగాయి.

పది రోజులు గడిచాయి. ఒక పొద్దున్న ప్రార్థన పడవలవాళ్ళ దాకా వచ్చి ఆగిపోయింది. ఆవిడ వరస మరిచిపోయారనుకుని నేను మెల్లగా, "ఇప్పుడు మీ స్కూలు పిల్లలండీ" అని అందించాను. ఆవిడ కళ్ళు తెరిచారు. ముఖం పాలిపోయి ఉంది. "కళ్ళు తిరుగుతున్నాయి నాయనా. రెండ్రోజుల్నుంచి విరేచనం తారులా నల్లగా అవుతోంది. నీకెలా చెప్పనూ అని ఊరుకున్నా" అన్నారు. ఆటో ఎలా పిలిచానో, ఆవిడను ఎలా ఎక్కించానో గుర్తులేదు. చెప్పులు లేకుండా ఆసుపత్రికి వెళ్ళానని అక్కడి నర్సమ్మ చెబితే తెలిసింది.

డాక్టరుగారు, "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగారు. "ఏమీ లేవండీ" అన్నారు టీచరమ్మగారు. అబద్ధం ఆడలేదు. ఆవిడ లెక్కలో మోకాళ్ళ బిళ్ళ మందు కింద రాదు. నా మాత్రల సంగతి చెబితే నాకు చీవాట్లు పడతాయని దాన్ని మింగేశారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. నోరు విప్పితే నా పని అయిపోతుంది, విప్పకపోతే ఆవిడ పని. "మోకాళ్ళకు నొప్పి బిళ్ళలు, రోజుకు రెండు అండీ. అవి కాక నేనిచ్చిన గొట్టాలు పది" అన్నాను. డాక్టరుగారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. "ఆ నొప్పి బిళ్ళలకు పొట్టలో పుండు పడి రక్తం కారుతోంది. మంట అనేది ఆవిడను నా దగ్గరికి పంపించేది. నువ్వు దాని నోరు నొక్కావు" అన్నారు. అంతే.

ఆ రోజంతా ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. నాకోసం నెల రోజులు అడిగిన మనిషి కోసం నేను అడగాలనుకున్నాను. ఎలా అడగాలో తెలియదు. కళ్ళు మూసుకుంటే నాకు వచ్చిన ఒకే ఒక్క భాష వచ్చింది. "మహారాజశ్రీ ప్రభువువారి దివ్యసముఖమునకు. విషయం: టీచరమ్మగారి ఆరోగ్యము. పై విషయమును పురస్కరించుకుని తమకు విన్నవించుకొనునది ఏమనగా..." అక్కడ ఏడుపొచ్చి అర్జీ ఆగిపోయింది. మర్నాడు ఆవిడ కాస్త తేరుకున్నాక ఆ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వారు. "ఆయన అర్జీ చూశారు నాయనా, త్వరగానే సంతకం పెట్టారు" అన్నారు.

ఆవిడకు రెండు సీసాల రక్తం ఎక్కించారు. నొప్పి బిళ్ళలు మాన్పించి మోకాళ్ళకు వేరే వైద్యం చెప్పారు. గొట్టం మాత్రలు ఆవిడ పేరు మీద, ఆవిడకు ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళకు, చీటీ మీద రాశారు. నన్ను కూడా కూర్చోబెట్టి మధ్యలో మానేసిన కోర్సు పూర్తి చేయించారు. పూర్తయ్యాక, "ఇక చాలు. మళ్ళీ మంట వస్తే నా దగ్గరికి రా, సొరుగుల దగ్గరికి కాదు" అన్నారు. కొంతకాలం ఇద్దరం ఒకే పొద్దున ఎవరి గొట్టం వాళ్ళం మింగి, ఒకే ప్రార్థనలో కూర్చున్నాం.

తరవాత గుడివాడ బదిలీ అయింది. పెళ్ళయింది, పిల్లలు. కడుపు పూర్తిగా బాగైపోయింది. ఆ మాట ఆవిడకు చెప్పాలని మాత్రం తోచలేదు. ఏడేళ్ళ తరవాత ఆఫీసు పని మీద మొదటి బస్సుకు బందరు వెళ్ళి, బస్టాండులో ఆగి నాలుగు మిరపకాయ బజ్జీలు తిని, ఆవిడ ఇంటికి నడిచాను. తలుపు ఓరగా ఉంది. లోపల ప్రార్థన జరుగుతోంది. చెప్పులు విప్పి మెట్టు మీద నిలబడ్డాను. దేశం అయింది, వానలు అయ్యాయి, పడవలు అయ్యాయి. పిల్లల పేర్లు ఇంకా పెరిగాయి. చివరికి, "గుడివాడలో ఉన్న నా బిడ్డ కడుపులోని మంటను చల్లార్చుము తండ్రీ. పరుల మందులు ముట్టని బుద్ధినిమ్ము" అని వినిపించింది. ఏడేళ్ళుగా రోజూ అడుగుతున్నారన్నమాట. ఆవిడ ఆమెన్ అన్నాక కూడా కాసేపు మెట్టు మీదే కూర్చున్నాను.

లోపలికి వెళ్ళగానే ఆవిడ అడిగిన మొదటి మాట, "మంట తగ్గిందా నాయనా?" అని. నాలుగు బజ్జీలు లోపల చల్లగా ఉన్నాయి. తగ్గిందంటే నా పేరు ఆ జాబితాలోంచి తీసేస్తారని భయం వేసింది. ఇంకెవరికో ఆ చోటు ఇచ్చేస్తారు, అది న్యాయం కూడా. "పూర్తిగా తగ్గలేదండీ, అప్పుడప్పుడూ..." అన్నాను. ఆవిడ కంగారుపడి, "డాక్టరుకు చూపించుకో, నిర్లక్ష్యం చేయకు" అని నాలుగుసార్లు చెప్పి ఇడ్లీలు పెట్టారు. ఆ తరవాత వెళ్ళినప్పుడల్లా అదే అబద్ధం చెప్పాను. పోయిన వానాకాలంలో ఆవిడ మేనకోడలు ఫోను చేసి, నిద్రలోనే వెళ్ళిపోయారని చెప్పే దాకా చెబుతూనే ఉన్నాను.

ఏడాదికోసారి పరీక్షలకు వెళ్తే గుడివాడ డాక్టరు అడుగుతాడు, "గ్యాస్, మంట ఏమైనా ఉన్నాయా?" అని. "లేవండీ" అంటాను. నిజమే, లేవు. ఇప్పుడు ఆ నిజం చెప్పినప్పుడు నా పేరు నేనే కొట్టేసుకున్నట్టు ఉంటుంది. కడుపులో మంట లేదని బాధపడే మనిషిని ఏ డాక్టరూ చూసి ఉండడని నాలో నేనే నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుని బయటికి వస్తాను.