గంధం పూసిన ఊరి ముద్ర

అది శుక్రవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మొదలైంది. డెబ్బైల నాటి మాట. ఆయుధపూజ సెలవులు ముగిసి మా మునిసిపల్ ఆఫీసు అప్పుడే తెరిచారు. ఆ రోజుల్లో ఊరి ముద్రకు ఊరి పెద్దకంటే ఎక్కువ మర్యాద ఉండేది. అరచేతిలో పట్టే ఇత్తడి ముద్ర అది. అందులో లోతుగా చెక్కిన గోపురం, దాని కింద ఏటికి గుర్తుగా మూడు అలలు, చుట్టూ ఊరి పేరు. (మా ఏట్లో అలలు చూసినవాళ్ళు ఎవరూ లేరు. అయినా మూడూ ఉండాల్సిందే.) అది ఆఫీసు గడప దాటకూడదు, మేనేజరు ఎదుటే వేయాలి, కరిగిన లక్కను తప్ప దేన్నీ తాకకూడదు. చేరి రెండు నెలలైనా నిండని నాకు దాని పెట్టె తాళం అప్పగించారు. దానికేమైనా అయితే ఉద్యోగం ఖాయం కాదని మేనేజరు (చాటున రూల్సాయన అనేవాళ్ళం) మొదటి రోజే చెప్పాడు. నాయనేమో అప్పటికే వీధంతా "మా పాప గౌర్మెంటు" అని చెప్పుకొని ఉన్నాడు.

ఆ రోజు మంచినీళ్ళ పథకం కవరు పన్నెండు గంటల బస్సులో చిత్తూరు కలెక్టరాఫీసుకు పోవాలి. లక్క కరిగించి, ముద్ర అద్ది, ఎత్తి చూశాను. గోపురం లేదు, అలలు లేవు. నున్నటి ఎర్ర ఇడ్లీ. తిప్పి చూస్తే ముద్ర గీతల నిండా ఏదో రాయిలా గట్టిపడి ఉంది. జడలోని పిన్ను లాగి గోకాను. పిన్ను విరిగింది.

"ఏమ్మా, ఊరు యాడబోయింది?" అన్నాడు మేనేజరు. అటెండరు మామ వంగి వాసన చూశాడు.

"గంధం సార్. పూజలో పూసింది ఎండిపోయి కూసోనుండాది."

"ముద్రకు గంధం పూసినోడు ఎవురప్పా? రూలు తెలీదా?"

"మీరే గదా సార్. నేను సైకిలుకు పూసినాను, మీరు దీనికి పూసినారు. బొట్టు గూడా పెడితిరి."

మేనేజరు గోడ గడియారం వంక చూశాడు. గంధం ఆయనదే, తాళం నాది. వేడినీళ్ళలో నానబెడదామని మెల్లగా అన్నాను. వేడినీళ్ళు ఉండేది ఎదురు టీ అంగట్లో. ముద్ర గడప దాటకూడదు. మామ పరుగున పోయి, పొగలు కక్కే గ్లాసుతో వచ్చాడు.

"నీళ్ళు ఇంకా కాగలే సార్. టీనే ఉండాది."

"పాలు పోసినారా?"

"సక్కెర గూడా ఏసినారు."

మేనేజరు కళ్ళు మూసుకున్నాడు. "ముంచమ్మా," అన్నాడు.

పదకొండూ ముక్కాలుకు టీలోంచి గోపురం బయటపడింది. తుడిచి మళ్ళీ అద్దాను. అలలను మేనేజరు వేలు పెట్టి లెక్కబెట్టాడు. మామ కవరు సంచిలో వేసుకుని బస్సెక్కాడు. లక్క టీ వాసన వేస్తే చిత్తూరులో ఏమంటారో అని నాకు అన్నం దిగలేదు. సాయంత్రం ఏడు గంటలకు మామ రసీదు తెచ్చాడు: కవరు అందినది, లక్క పొడిగా రాలినది.

"బస్సులో ఒకామె నా సంచి మీద కూసునింది సార్. సంకలో బిడ్డ. లెమ్మని ఎట్ల సెప్పేది?"

"ఆడ ఏమన్నారు?"

"ఏమంటారు? పొడి దులిపి లోపల పెట్టుకున్నారు."

ఆ ఏడాదే నా ఉద్యోగం ఖాయమైంది. ఇప్పుడు తలచుకుంటే, ఆ టీ గ్లాసు ముందు ఊపిరి బిగబట్టి నిలబడిన పిల్లను పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. ఆ రోజు పోయినవి ఇవి: జడపిన్ను ఒకటి, లక్క కడ్డీ సగం, టీ ఒక గ్లాసు, నా మధ్యాహ్నం భోజనం.