కరీముల్లా మోకాలు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గుండె మీద బరువుగా కూర్చుని ఉంది. అది ఎవరో నన్ను అన్న మాట కాదు. నేను అన్నది. ఒక మనిషి గురించి, అతను లేని చోట, అతని యజమానికి చెప్పిన అబద్ధం. దాన్ని భార్యకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. నెలనెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకునే ముందు ఎవరిని వారు పరీక్షించుకోండి అని ఆయన అన్నప్పుడల్లా తల వంచుకునేవాణ్ణి. పక్కవాళ్లు అది భక్తి అనుకునేవారు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు మాత్రం చెప్పను. అతని పేరు బయటపెట్టి నా పేరు దాచుకోవడం న్యాయం కాదని తెలుసు. కానీ అతని పేరు చెప్పకపోతే ఇది రాసి ప్రయోజనం లేదు.

అతని పేరు కరీముల్లా. సొంతూరు పామర్రు. హాకీ ఆడేవాడు.

డెబ్బైలలో బెజవాడలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు కంపెనీకి హాకీ టీము ఉండేది. యజమానికి ఆట మీద ప్రేమ కంటే పేరు మీద ప్రేమ ఎక్కువ. బందరులోనో గుంటూరులోనో పోటీలు జరిగితే కంపెనీ పేరున్న చొక్కాలతో పదకొండు మంది గ్రౌండులో దిగాలి. అదీ ఆయన కోరిక. ఆటగాళ్లు కాగితం మీద గుమస్తాలు, స్టోర్ కీపర్లు. నిజానికి వాళ్ల పని ఆడడమే. ఏడాదికొక కాంట్రాక్టు. ఎండాకాలం మొదట్లో ఎవరిది పొడిగించాలో, ఎవరిది ఆపేయాలో తేల్చేవారు.

తేల్చేది పేరుకి ఆయన. చెప్పేది నేను. కుర్రతనంలో నేనూ ఆడినవాణ్ణే, ఆ తర్వాత ఆ టీముకి మేనేజరునయ్యాను. ఇచ్చే జీతానికి ఎవడు తగినట్టు ఆడుతున్నాడు, ఎవడికి ఊరికే పోస్తున్నాం, ఎవడిని పక్క కంపెనీ తన్నుకుపోకముందే కట్టేసుకోవాలి, ఇవన్నీ చూడడం నా ఉద్యోగం. ఆయనకు హాకీ తెలియదు, లారీలు తెలుసు. పాత లారీ కొనేముందు ఆటోనగర్‌లో నమ్మకమైన మేస్త్రీ చేత ఇంజను విప్పించి చూసేవారు. "ఆటగాళ్లకి ఆ మేస్త్రీవి నువ్వేనయ్యా" అనేవారు నాతో. ఆ మాటకి ఎంత పొంగిపోయేవాణ్ణో!

నిజం చెప్పాలంటే ఆ పని నాకు బాగా వచ్చు. గోల్ కొట్టేవాణ్ణి అందరూ చూస్తారు, నేను వాడికి బంతి ఎక్కడినుంచి వచ్చిందో చూసేవాణ్ణి. కరీముల్లాని కంపెనీలోకి తెచ్చింది నేనే. ఫుల్‌బ్యాక్. పొడుగ్గా, ఎముకలు కనపడేలా ఉండేవాడు. పరుగులో మెరుపేమీ లేదు. కానీ ఎదుటివాడు ఎటు తిరగబోతున్నాడో వాడికంటే ముందే తెలిసిపోయేది ఇతనికి. అక్కడ కర్ర ఆనించి నిలబడేవాడు, అంతే. బంతి వచ్చి ఆ కర్రకి తగిలేది. చూసేవాళ్లకి అందులో ఏమీ కనపడదు. యజమాని మొదటి ఏడాది, "ఏంటయ్యా, ఈ మనిషి ఊరికే నిలబడతాడు, వీడికంత జీతమా?" అన్నారు. నేను ఆయన పక్కన కూర్చుని ఒక ఆట మొత్తం చూపించాను. కరీముల్లా అక్కడ నిలబడకపోతే ఏమయ్యేదో ప్రతిసారీ చెప్పాను. చివరికి ఆయన తలూపి, "చవగ్గా దొరికాడయ్యా" అన్నారు.

చూశారా, నాకు తెలుసు. అతని విలువ నాకంటే బాగా తెలిసినవాడు ఇంకొకడు లేడు. పొరపాటు పడ్డానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

ఆ ఏడాది బందరు పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లాం. సెమీఫైనల్లో కరీముల్లా కుడి మోకాలు మెలితిరిగింది. సాయంత్రానికి కాలు ఉబ్బి మోకాలు గుర్తుపట్టలేకుండా అయింది. అక్కడి డాక్టరు నొక్కి చూసి, లోపల నరమేదో తెగి ఉంటుంది, కొన్ని వారాలు కాలు కదపకూడదు అన్నాడు. నేను బెజవాడకి ట్రంక్ కాల్ చేశాను. యజమాని విని, "డాక్టరు వద్దంటే ఆడించొద్దు. కప్పు వచ్చే ఏడాదైనా వస్తుంది" అన్నారు. స్పష్టంగానే అన్నారు. లైను బాగానే ఉంది.

నేను ఆడించాను.

ఎందుకని నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. ఆ కప్పు కంపెనీకి కాదు, నాకు కావాలి. నాదీ ఏడాది కాంట్రాక్టే. అప్పటికి మూడు పోటీలు వరసగా ఓడిపోయి వచ్చాం. మేనేజరు అవసరమా అని ఆఫీసులో గుసగుసలు మొదలయ్యాయి. ఇదంతా నిజమే. కానీ దీనికింద ఇంకొకటి ఉంది, అది చెప్పడానికి ఇంకా సిగ్గుగా ఉంది. కరీముల్లా కాదనడని నాకు తెలుసు. నన్ను పెద్దన్నలా చూసేవాడు. ఆ మనిషి మెత్తదనాన్ని కూడా నేను లెక్కలోకి తీసుకున్నాను.

"ఈ ఒక్క ఆట ఆడు, రెండేళ్ల కాంట్రాక్టు రాయించే పూచీ నాది" అన్నాను. అతను మోకాలి వంక చూసుకున్నాడు, నా వంక చూశాడు. "మీరు చెప్తే సరే అన్నా" అన్నాడు. ఒక కాంపౌండరుని పిలిపించి నొప్పి తెలియకుండా ఇంజక్షన్ వేయించాను. కాలికి గుడ్డ బిగించి కట్టింది నేనే. కప్పు గెలిచాం. చివర్లో వచ్చిన పెనాల్టీ కార్నర్‌ని ఆపింది కరీముల్లానే. ఆ తర్వాత అతను తన కాళ్ల మీద బస్సు ఎక్కలేకపోయాడు.

ఎండలు మొదలయ్యాయి. కాంట్రాక్టుల రోజు వచ్చింది. యజమాని ఆఫీసులో మేమిద్దరమే ఉన్నాం. హైదరాబాదు నుంచి ఒక సెంటర్ ఫార్వర్డ్‌ని తీసుకోవాలని ఆయనకు మనసుంది, కాబట్టి ఎవరినో ఒకరిని తగ్గించాలి. ఒక్కొక్కరి గురించీ అడుగుతూ కరీముల్లా దగ్గర ఆగారు.

"ఇంకా కుంటుతున్నాడంటగా?"

"అవునండీ. మోకాలు బాగా దెబ్బతింది."

"ఎప్పటిదయ్యా ఆ దెబ్బ?"

ట్రంక్ కాల్‌లో నేను బెణికిందని మాత్రమే చెప్పాను, డాక్టరు అన్నది చెప్పలేదు. ఫైనల్ ఆడాడు కాబట్టి అది పెద్ద దెబ్బ కాదనే ఆయన అనుకుంటున్నారు. ఇప్పుడు నిజం చెబితే తర్వాతి ప్రశ్న నా గురించే. డాక్టరు ఏమన్నాడు, ఎవరు ఆడించారు, ఎవరి మాట మీద? అవన్నీ ఒక్క క్షణంలో కళ్ల ముందు కనపడ్డాయి.

"పాతదేనండీ" అన్నాను. "మన దగ్గర చేరకముందుదే. దాచిపెట్టి చేరాడు."

ఆయన ముఖం మాడిపోయింది. ఆయనకి నష్టం కంటే మోసపోవడం ఎక్కువ బాధ. "లోపల పగిలిన ఇంజనుకి పైన రంగేసి అంటగట్టాడన్నమాట" అన్నారు. కరీముల్లా కాంట్రాక్టు అక్కడితో ఆగిపోయింది. వైద్యం కంపెనీ చేయిస్తుందేమోనన్న ఆశ కూడా ఆగిపోయింది. నేను తర్వాతి ఆటగాడి గురించి చెప్పడం మొదలుపెట్టాను. గొంతు వణకలేదు. అది గుర్తొచ్చినప్పుడే నాకు ఎక్కువ భయమేస్తుంది.

మర్నాడు అతను ఇంటికి వస్తే, ఎంతో చెప్పి చూశాను, ఆయన వినలేదన్నాను. అది రెండో అబద్ధం. మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది. అతను నా చెయ్యి పట్టుకుని, "మీరు అడిగారు కదన్నా, అది చాలు" అన్నాడు.

నా మాట ఆఫీసు గదిలోనే ఉండిపోతుందనుకున్నాను. కానీ యజమానులు పెళ్లిళ్లలో కలుస్తారు, క్లబ్బులో కలుస్తారు. కరీముల్లా కాలు కాస్త కుదుటపడ్డాక ఒక పంచదార ఫ్యాక్టరీ టీముకి వెళ్లాడు, గుంటూరులో ఒక కంపెనీకి వెళ్లాడు. ఆడలేకపోతే చిన్నవాళ్లకి నేర్పుతానన్నాడు. నేర్పగలడు కూడా. ఎక్కడా తీసుకోలేదు. ఆరోజుల్లోనే మళ్లీ నా దగ్గరికి వచ్చాడు. మా వీధి చివర టీ కొట్టు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. బల్ల మీద కూర్చోమంటే, మోకాలు వంచితే మళ్లీ లేవడం కష్టమని కూర్చోలేదు.

"దెబ్బ దాచే మనిషంట నేను. గుంటూరులో ముఖం మీదే అన్నారన్నా."

"ఎవరన్నారు?"

"ఎవరో చెప్పారంట. ఎవరికన్నా నేనేం చేశాను? నేనేం దాచాను? దెబ్బ తగిలినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. ఇంజక్షన్ వేసేటప్పుడు నా తల మీ ఒళ్లోనే ఉంది."

నేను టీ గ్లాసు వంకే చూస్తున్నాను.

"మీరొక్క మాట చెప్పండన్నా. అది బందరులో తగిలిన దెబ్బ అని. మీ మాటంటే అందరికీ గురి. మీరు చెప్తే నమ్ముతారు."

"చెప్తాను" అన్నాను.

"ఎప్పుడు చెప్తారన్నా?"

"ఈ వారంలోనే వెళ్తాను. నువ్వు దిగులుపడకు."

అతని ముఖం వికసించింది. టీ డబ్బులు తనే ఇస్తానని పట్టుబట్టాడు, ఇవ్వనిచ్చాను. కుంటుకుంటూ బస్టాండు వైపు వెళ్లిపోయాడు. నేను ఆ వారం ఎక్కడికీ వెళ్లలేదు. తర్వాతా వెళ్లలేదు. నా మాట మీద అందరికీ గురి ఉన్న మాట నిజమే. ఆ గురితోనే అతన్ని కొట్టాను.

తర్వాత అతను ఆటోనగర్‌లో లారీల కింద స్ప్రింగు పట్టీలు మార్చే షెడ్డులో పనికి కుదిరాడు. రోజంతా నిలబడే పని. నేను ఆ రోడ్డున వెళ్లడం మానేశాను. తప్పక వెళ్లాల్సి వస్తే అవతలి పక్కనుంచి వెళ్లేవాణ్ణి. ఒకసారి నన్ను చూసి నూనె చెయ్యి పైకెత్తి ఊపాడు. నేనూ ఊపాను.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, జాకీ మీద నిలిపిన లారీ తడినేల మీద జారింది. దానికింద ముగ్గురు పనిచేస్తున్నారు. ఇద్దరు పక్కకి దూకారు. కరీముల్లా దూకలేకపోయాడు.

మోకాలు బాగుంటే దూకేవాడా? నాకు తెలియదు. మంచి కాళ్లున్నవాళ్లు కూడా అలా పోతారు. ఎన్నో ఏళ్లు ఈ మాట పట్టుకుని వేలాడాను. కానీ ఎదుటివాడు ఎటు కదులుతాడో ముందే తెలిసే మనిషి అతను. బరువు ఎటు వాలుతోందో ఆ ఇద్దరికంటే ముందు అతనికే తెలిసి ఉంటుంది. తెలిసి, కాలు రాక, అక్కడే ఉండిపోయి ఉంటాడు. ఇలా ఊహించుకోవడం నాకు శిక్ష అనుకుంటాను. శిక్ష కూడా నేనే ఎంచుకుంటే అదేం శిక్ష?

పామర్రు వెళ్లాను. ఖననం అయిపోయింది. ఇంటి ముందు జనం, ఆటగాళ్లు, షెడ్డు మనుషులు ఉన్నారు. అతని భార్య మస్తాన్‌బీ నన్ను చూసి లేచి వచ్చింది. పిల్లవాడు ఆమె కొంగు పట్టుకుని ఉన్నాడు.

"అన్నయ్యగారూ, ఎప్పుడూ మీ పేరే చెప్పుకునేవారండీ. ఆ కంపెనీలో నా తరఫున మాట్లాడిన మనిషి ఆయనొక్కడే అనేవారు. మీ మేలు మర్చిపోలేనండీ." తర్వాత కొడుకుని ముందుకు తోసి, "వాళ్ల నాన్న ఎలా ఆడేవారో వీడికి మీరే చెప్పండి. మాకేం తెలుసండీ ఆట" అంది.

చెప్పాను. అందరూ వింటుండగా చెప్పాను. కరీముల్లా ఎక్కడ నిలబడేవాడో, ఎలా నిలబడేవాడో చెప్పాను. అంత బాగా నేనెప్పుడూ మాట్లాడలేదు. ప్రతి మాటా నిజమే. మగవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. పిల్లవాడు నోరు తెరుచుకుని నన్నే చూశాడు. చెప్పవలసిన ఆ ఒక్కటీ నా నాలుక దాకా వచ్చింది. మింగేశాను. ఆమె నాకు గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చింది. తాగాను.

తర్వాత కూడా ఉద్యోగంలో చాలా ఏళ్లు ఉన్నాను. నా కాంట్రాక్టు పొడిగిస్తూనే పోయారు. యజమాని పోయారు. టీము అంతకుముందే పోయింది. మస్తాన్‌బీ కూడా పోయారని ఈమధ్యే తెలిసింది. ఆమె బతికి ఉన్నన్నాళ్లూ పామర్రు బస్సు ఎక్కి ఈ మాట చెప్పి వచ్చి ఉండొచ్చు. బస్సులు ఎప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు, ఆమె ముఖం చూడనవసరం లేదని రూఢి అయ్యాక, కలం పట్టుకున్నాను. ఇదీ పిరికితనమే. మీరు అనేలోపు నేనే అంటున్నాను.

ఆ పిల్లవాడు ఇప్పుడు నడివయసు మనిషై ఉంటాడు. ఎక్కడున్నాడో తెలియదు. వాళ్ల నాన్న మోసం చేసి ఉద్యోగంలో చేరాడన్న మాట ఎవరో ఒకరు అతని చెవిన వేసే ఉంటారు. అలాంటి మాటలు ఎప్పటికీ పోవు. ఇది అతని కంటపడుతుందో లేదో. పడితే, నన్ను మన్నించమని అడగను. అడిగే హక్కు టీ కొట్టు దగ్గరే పోయింది. ఒక్కటే చెప్పాలి.

బాబూ, మీ నాన్న ఏ దెబ్బా దాచలేదు. ఆ మోకాలు బందరులో నా కళ్లెదుట పోయింది. పోయిన కాలి మీద నిలబెట్టి ఆడించింది నేను. దాచాడని చెప్పింది నేను. మీ నాన్న ఆ కంపెనీలో తీసుకున్న ప్రతి రూపాయికీ తగిన మనిషి.

రాశాను. నా గొంతులో నుంచి ఇంతకాలానికి బయటికి వచ్చింది. నాలో ఇంకేమీ మారలేదు, ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.