ఊగాల్సిన కాలు

బర్మాలోని పజుండౌంగ్‌లో సత్యారావు వాయిద్యాల కొట్టు నుంచి బయటికెళ్ళే ప్రతి తంబురా కుండలో ఒక చీటీ ఉంటుంది: “బాగుచేసినవారు సత్యారావు.” ఇరవై రెండేళ్ళుగా ఆ చీటీకి బంక రాసి అంటిస్తున్నది ఆయన తమ్ముడి భార్య రాధాకుమారి. బాగుచేస్తున్నదీ ఆమే. తన పేరు ఎందుకు లేదని ఒక్కనాడూ అడగలేదు. అడగలేదు గనక బాధ లేదనుకోవడం అందరికీ సుఖంగానే ఉంది.

మొన్న వానల్లో, సంగీతం బడి నడిపే పద్మిని ఒక వింత వాయిద్యం తెచ్చింది. పేరు హర్డీగర్డీ. ఒక విదేశీ టీచరు వెళ్ళిపోతూ బడికి ఇచ్చిపోయాడు. పిడి తిప్పితే చెక్క చక్రం తీగల్ని రాసుకుంటూ తిరుగుతుంది, నాదం తెగదు.

“ఒక తీగె వదులైంది, బిగించి ఇవ్వండి చాలు. బడిలో మరమ్మతు క్లాసు పెడుతున్నాం. నేర్పేవాళ్ళ పేరు పంపమని మన తెలుగు సంఘాన్ని అడిగాను” అంది.

లోపల తంబురా తుడుస్తున్న రాధాకుమారి చెయ్యి ఆగింది. ఆ పని తనకు కావాలి. మళ్ళీ తుడవడం మొదలెట్టింది.

మర్నాడు ఆమె చిమిండైంగ్ బజారుకెళ్ళి వచ్చేసరికి సత్యారావు మీసం దువ్వుకుంటున్నాడు.

“సూడు రాదమ్మా, తీగే కాదు, దాన్ని మోసే ఈ బ్రిడ్జి కాలు కూడా ఊగిపోతంది. బంకేసి బిగించీసినాను.”

“అయ్యో బావగారూ, అది ఊగాలండీ!”

“ఊగాలేటి? కాలు ఊగే కుర్చీ ఎవులైనా కొంతారా?”

సాయంత్రం పద్మిని వచ్చి పిడి తిప్పింది. ఉత్త హోరు తప్ప ఏమీ లేదు. “ఆ గరగర ఏది? దీని ప్రాణమే అది కదా!”

“తీగె పాతది సయామా” అని బర్మా వాళ్ళు టీచరమ్మను పిలిచే మర్యాదతో సర్దబోయాడు సత్యారావు.

రాధాకుమారి చేతులు తుడుచుకుని ముందుకొచ్చింది. గోరువెచ్చని తడిగుడ్డతో బంక నానబెట్టి, పల్చటి బ్లేడుతో కాలు విడదీసింది.

“సూడండి సయామా. బ్రిడ్జికి ఒక కాలు పలకలో కుదురుగా నాటుకుంది. రెండోది ఊరికే ఆనుకుంతాది. మెల్లగా తిప్పండి.” హోరు. “ఇప్పుడు మణికట్టు ఒక్క ఇసురు ఇసరండి.” గర్‌ర్‌ర్! “ఇసురుకి తీగె బ్రిడ్జిని కుదుపుతాది. ఒదులు కాలు లేచి లేచి పలకని కొడతాది. ఆ దెబ్బలే ఈ గరగర. తీగెని లాగే ఈ సన్న తాడు బిగిత్తే ఒకలాగ, ఒదిలితే ఒకలాగ.”

“ఇదెప్పుడు చూశారు మీరు?”

“నిన్ననే. తంబురా తీగె కింద నూలుపోగు పెడతాం కదా, అదీ ఇలాటిదే. పోగు సరైన సోటుకి జరిగితేనే జుమ్మని జీవ పలుకుతాది.”

“మా కొట్లోనే నేర్సుకుంది” అన్నాడు సత్యారావు.

“ఎవరి దగ్గర?” అని నవ్వింది పద్మిని. సత్యారావు మళ్ళీ మీసం దువ్వుకున్నాడు.

వాయిద్యం మూసేముందు రాధాకుమారి అలవాటుగా చీటీ తీసింది, బంక రాసింది. అంటించబోయి ఆగింది. చీటీ ఆమె వేలికే అంటుకుని ఉండిపోయింది.

సంఘం మాత్రం క్లాసుకు సత్యారావు పేరే రాసుకుంది. వచ్చే ఆదివారం గుడి హాల్లో మీటింగు పెట్టి ఖాయం చేస్తారట. మీ ఇంట్లో తంబురా ఉంటే కుండలోకి తొంగిచూడండి. ఆ చీటీ అబద్ధం. ఆదివారం రండి. రాధాకుమారి పేరు ఎందుకు లేదని లేచి నిలబడి అడగండి. ఇన్నాళ్ళూ ఆమె అడగలేదు, మనమూ అడగలేదు.