అవ్వ కంప్యూటర్‌కు వేసిన ముడి

మా చిన్నప్పుడు... కంప్యూటర్ సెంటర్‌లోకి పోవాలంటే చెప్పులు బయట విప్పాల్సిందే. లోపల అగరుబత్తి వాసన... ప్రతి కంప్యూటర్‌కూ ఒక బొట్టు, మీద కప్పిన గుడ్డ. అలాంటి చోటికి ఒకరోజు మా అవ్వ వెళ్లి కూర్చుంది... చీరకు అంటిన దూది గుమ్మం దగ్గరే దులుపుకుని మరీ.

అవ్వ అంటే మా అమ్మే. మాది కరీంనగర్ దిక్కు సాంచాల ఊరు. కరెంటు మగ్గాన్ని మేం సాంచా అంటాం. బాపు, అంటే మా నాన్న, కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు, అవ్వ అక్కడే కూర్చుని కండెలకు నూలు చుట్టేది. బాపు అన్నానికి వస్తే సాంచాలు కూడా ఆమే చూసుకునేది. ఆ దూది దుమ్మంతా అవ్వ ఛాతీలో చేరింది... దగ్గు మొదలైందంటే మాట కూడా రానిచ్చేది కాదు. నాకు భయమేసేది.

డాక్టర్ ఒకటే చెప్పాడు. "మందులతోని కాదమ్మా. దుమ్ముల కూసునుడు బంద్ చెయ్యాలె."

బంద్ చేసి ఏం చేయాలి? అప్పుడే బజార్లో బట్టల సేటుకు, బిల్లులు కొట్టడానికి కంప్యూటర్ వచ్చిన మనిషి కావాలని తెలిసింది. అవ్వ పదో తరగతి పాసైంది. కంప్యూటర్‌ను మాత్రం దూరం నుంచి కూడా సరిగ్గా చూడలేదు.

"నీకు వస్తదానే అది?" అన్నాడు బాపు.

"సాంచా నాకు పుట్టంగనే వచ్చిందా? గిది గూడ నేర్చుకుంట," అంది అవ్వ.

ఇంట్లో గచ్చు మీద సుద్దముక్కతో కీబోర్డు గీసుకుంది. అన్నం ఉడికేలోపు దాని ముందు కూర్చుని వేళ్లు ఆడించేది. అక్షరాలు చెరిగిపోతాయని మమ్మల్ని అటు తొక్కనిచ్చేది కాదు. ఒకరోజు బాపుకు విసుగొచ్చింది. "మరి నేనెటు నడువాలె?" అన్నాడు. అవ్వ తల కూడా ఎత్తలేదు... "గా కింద పొడుగు గీత ఉన్నది సూడు, స్పేసు. దాని మీదికెల్లి నడువు." బాపు నిజంగానే దాని మీది నుంచి నడిచాడు.

అసలు చిక్కంతా సెంటర్‌లో వచ్చేది. సాంచా మీద పోగు తెగితే చటుక్కున ఆపేయాలి... ఆలస్యమైతే బట్ట ఖరాబవుతుంది. ఆ అలవాటు అవ్వ చేతిలోకి ఇంకిపోయింది. కంప్యూటర్ టుంగుమని మోగి ఏదైనా చిన్న డబ్బా తెర మీదికి వచ్చిందా... అవ్వ చెయ్యి నేరుగా గోడ మీది స్విచ్ మీదికే పోయేది. టప్‌మని ఆపేసేది. అప్పటిదాకా కొట్టిందంతా గల్లంతు.

"అమ్మా, అది ఊకెనే అడుగుతది. ఆపకు," అని సెంటర్ సారు మొత్తుకునేవాడు.

"మోగింది గద సారూ... ఏదో తెగిందనుకున్న," అనేది అవ్వ. మళ్లీ మొదటి నుంచి కొట్టేది. మళ్లీ మోగేది, మళ్లీ ఆపేది. పక్క కంప్యూటర్ల దగ్గర కాలేజీ పిల్లలు ముసిముసిగా నవ్వేవాళ్లు. బడి అయ్యాక నేను అక్కడికే వెళ్లి ఆమె కోసం కూర్చునేదాన్ని... వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. అవ్వ మాత్రం వాళ్ల వైపు చూసేదే కాదు.

ఒక సాయంత్రం పేజీ మొత్తం పోయాక, సారును అడిగింది. "తెగిన పోగును మేం ముడేస్తం. దీనికి ముడి లేదా సారూ?"

సారు కంట్రోల్, ఎస్ కలిపి నొక్కి చూపించాడు. "గిట్ల నొక్కితె నువ్వు కొట్టింది లోపల ఉంటది. ఆపినా పోదు."

అవ్వ మొహం ఒక్కసారి విప్పారింది. "గంతేనా... తెగకముందే ముడేసుకునుడన్నట్టు."

అంతే... ఆ రోజు నుంచి ప్రతి వరుసకూ ఒక ముడి. గచ్చు మీది కీబోర్డులో కూడా ఆ రెండు మీటల చుట్టూ పసుపుతో గుండ్రంగా గీసింది.

అవ్వ పని చూడటానికి సేటు స్వయంగా సెంటర్‌కు వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. ఒక బిల్లు కాగితం ఇచ్చి చూసి కొట్టమన్నాడు. అవ్వ మెల్లగా కొడుతోంది... మధ్యమధ్యలో దగ్గు ఆపుకుంటోంది. ఇక రెండు మూడు వరుసలే ఉన్నాయనగా కరెంటు పోయింది. సెంటర్‌లో బ్యాటరీలు పేరుకే ఉండేవి. తెరలన్నీ నల్లబడ్డాయి.

సేటు లేచాడు. "మల్ల మొదటికెల్లి కొట్టాలె గద. నాకు టైం లేదు, ఇంకెవలనన్న చూసుకుంట."

ఇక అయిపోయింది అనుకున్నాను. మళ్లీ కార్ఖానా, మళ్లీ ఆ దగ్గు... కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జర కూసోండ్రి సేటూ. ఏం పోదు, ముడేసిన," అంది అవ్వ.

సేటు ఆగాడు. కంప్యూటర్ల గురించి ఆయనకు తెలిసింది తక్కువే... కానీ పుట్టి పెరిగింది బట్టల్లో. "దీన్ల ముడేంది?" అని మళ్లీ కూర్చున్నాడు.

కరెంటు వచ్చింది. ఆ కంప్యూటర్ మొదలవడానికి ఎంతసేపు పట్టేదో ఆ కాలం వాళ్లకు తెలుసు... అవ్వ కొంగు బిగించి పట్టుకుని కూర్చుంది. ఫైలు తెరిచింది. చివర కొడుతున్న సగం వరుస ఒక్కటే లేదు... మిగతాదంతా ఉంది. ఆ సగంతో పాటు మిగిలిన వరుసలూ పూర్తిచేసి, ముడి వేసి, కుర్చీ వెనక్కి జరిపింది.

"పొద్దుగాల దుకాణానికి రా," అన్నాడు సేటు.

ఆ చలికాలం మా ఇంట్లో దగ్గు తగ్గింది. ఎన్నేళ్లు గడిచినా, నాకు కంప్యూటర్ అంటే మొదట గుర్తొచ్చేది ఆ దగ్గు తగ్గడమే.

ఇప్పుడు అవ్వ దుకాణం మానేసి ఇంటి దగ్గరే ఉంటోంది. మొన్న కొత్త ఫోన్ కొనిచ్చాను. పండుగ సామాను ఏమేం కావాలో అందులో రాసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది... "ముడి ఏడున్నదే దీన్ల?"

"లేదవ్వా, ఇప్పుడు అదే వేసుకుంటది," అన్నాను.

"నేను వెయ్యంది... పడ్డదని నాకెట్ల తెలువాలె?"

నవ్వుదామనుకున్నాను, నవ్వు రాలేదు. ఇప్పుడు అన్నీ వాటంతట అవే జరిగిపోతున్నాయి... గట్టిగా నొక్కి, "ఇక ఏం పోదు" అనుకునే ఆ ధీమా మాత్రం ఎటో పోయింది.

మీ ఇంట్లో మొదట కంప్యూటర్ ముందు కూర్చున్నది ఎవరు? దాన్ని వాళ్లు ఏ మాటలతో తమది చేసుకున్నారు? కింద రాయండి... నేనైతే ఇది రాస్తూ కూడా, వరుసకోసారి ముడి వేస్తూనే ఉన్నాను.