ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్

అరకులో ఒక ఆసుపత్రిలో కొన్నేళ్ళుగా ఫిజిషియన్ అసిస్టెంట్‌ని, డాక్టరుకి సాయంగా రోగుల్ని చూస్తాను. పరీక్ష పాసై తెచ్చుకున్న సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించి ఈ రోజే గోడకి తగిలించాను. సంతకొచ్చిన సుక్రమ్మ బీపీ చూపించుకుంటూ, "అదేటమ్మా?" అంది.

"నాకు పని బాగా వచ్చని పరీక్ష పెట్టి ఇచ్చారు," అన్నాను, కాస్త గొప్పగానే.

"మరి నిన్నటిదాకా నీకు పని రాదేటి?"

నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. నిరుడు పసుపు తవ్వుతూ గునపం తగిలించుకున్న కాలు ముందుకి చాపింది. "దీనికి కుట్లు నువ్వే ఏసినావు. ఇప్పుడు మళ్ళీ సూడు."

ఎప్పుడో మానిపోయిన మచ్చని వంగి, లైటేసి మరీ చూశాను. బాగుందని రెండోసారి చెప్పాక గానీ ఆవిడ లేవలేదు. ఇన్నాళ్ళూ ఆ కాలి మీద లేని అనుమానం ఈ రోజు నేనే పెట్టి పంపించాను.

చెప్పండి, మీరైతే ఆవిడకి ఏమని చెప్పేవారు?